తువ్వాల కింద దాచిన జబ్బు

ఆదోని, మంగళవారం

రోగమొస్తే ఒకరి దగ్గర ఒకరం దాచకూడదని, పత్తి వ్యాపారం మొదలుపెట్టిన రోజే నేనూ నా భాగస్వామి రుద్రప్పా మాట ఇచ్చుకున్నాం. రెండేళ్ల కింద, మూత్రం సన్నగా వస్తోందని వాడికే చెప్పాను.

"వయసైనాక అందరికీ అంతేలేప్పా, బార్లీ నీళ్లు తాగు" అన్నాడా మహానుభావుడు. నమ్మాను.

ఈరోజు బళ్లారి డాక్టరు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది, అప్పుడే వచ్చుంటే నయమయ్యేదన్నాడు. బయటికొస్తే బెంచీ మీద ఫైలుతో రుద్రప్ప. డాక్టరు చెప్పింది వాడికి చెప్పాను.

"నాకూ అదేప్పా. మూడేండ్ల కిందే సూపించుకున్నా, బాగైంది. ఇప్పుడు ఏటా సేసే పరీక్షకొచ్చినా. మార్కెట్లో నగుతారని యారికీ సెప్పలేదు."

మార్కెట్లో పక్కవాడికి తెలియకుండా తువ్వాల కింద వేళ్లు పట్టి పత్తి ధర చెప్పినట్టు, జబ్బును నా దగ్గరా కప్పిపెట్టాడు.

ఇంత చదువుకునీ డాక్టరును అడగకపోవడం నా తప్పే. తండ్రికుంటే కొడుక్కీ రావచ్చట, రేపే కొడుకును పరీక్షకు పంపుతాను. నేనెందుకు ఆలస్యం చేశానని వాడు అడిగితే మాత్రం ఒక్క పేరే చెబుతాను: రుద్రప్ప.