సుక్రు పేరు

గురువారం, రాయగడ.

జేకేపూర్ కాగితం మిల్లు వాసన మంచులో కలిసి కిటికీలోంచి వస్తోంది. మధ్యాహ్నం చేసిందంతా కలలో చేసినట్టుంది. కాని చేసింది నేనే.

భోజనానికి ముందు వీడియో కాల్. ఖాకీ చొక్కావాడు హిందీలో, ఎంతో మర్యాదగా, ఒక ఉగ్రవాది ఫోనులో నా నంబరు దొరికిందన్నాడు. కెమెరా ముందునుంచి కదలొద్దన్నాడు. ఇలాంటి మోసాల మీద నేనే వ్యాసం రాసేను. భయం సర్కారు సరుకని, జనం దాన్ని వాట్సాప్‌లో ఊరికే మోస్తున్నారని తిట్టేను. అయినా నమ్మేను. ఎందుకంటే లోపల సంతోషమేసింది. ఇరవయ్యేళ్ళ నా రాతల్ని చివరికి ఎవడో చదివేడనుకున్నాను!

"మీతో ఇంకెవరున్నారు?" అన్నాడు. ఫోనులో వాడి గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంది. సుక్రు పేరు చెప్పేను. లక్ష్మీపూర్ సంతలో పసుపు అమ్ముతూ, కొండ భూముల గొడవలన్నీ నాకు చేరవేసే సుక్రు. వాడి ఊరు కూడా చెప్పేను.

అప్పుడొచ్చింది మా ఆవిడ. "ఏటండీ, సేతులు కట్టుకు కూకున్నారు?" అని ఫోను లాక్కుంది. "ఒరే, ఏ ఠాణారా నీది? సెప్పు, ఇప్పుడే వత్తాం!"

కాల్ కట్టయిపోయింది.

"దొంగసచ్చినోడు! బేంకు నంబర్లేటీ సెప్పీలేదు కదా?"

నంబర్లు చెప్పలేదన్నాను.

వాడు నిజం పోలీసే అయ్యుంటే? అప్పుడూ అదే పేరు చెప్పేవాణ్ణి. ఎల్లుండి సంతకెళ్ళి సుక్రుకి ఈ సంగతి చెప్పాలి. విన్నాక వాడు నాకు ఇంక ఏ కబురూ చెప్పకపోవచ్చు. చెప్పకూడదు కూడా…