మేడమ్ గారూ, మీ క్యాసెట్టులో ఫ్యాను

వినడం–రాయడం విభాగం ట్యూటర్ మేడమ్ గారికి,

నమస్కారాలు. పోస్టులో నేర్పే మీ ఇంగ్లీషు కోర్సులో నేను నమోదు సంఖ్య 212. ఆస్పత్రి మరమ్మతు విభాగంలో ఇరవై రెండేళ్లుగా ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తున్నాను. "అభ్యాసాలు ఇంగ్లీషులో, సందేహాలు సొంత భాషలో" అని మీ పుస్తకంలో ఉంది కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

ముందు నా సంగతి. సాయంకాలం కాలేజీలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదవాలని నా కోరిక. నేను పని నేర్పినవాళ్లు ముగ్గురు ఆ కాగితం తెచ్చుకుని నాకే పైఅధికారులయ్యారు. ఇప్పుడు వాళ్లు నాకు పని నేర్పుతున్నారు. కాలేజీలో చేరాలంటే ఇంగ్లీషు పరీక్షలో వినడానికి ఆరు, రాయడానికి ఆరు మార్కులు రావాలి. రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ వినడంలోనే బోల్తా పడ్డాను. నలభై అయిదేళ్లు దాటితే చేర్చుకోరు. నాకు నలభై నాలుగు మీద ఎనిమిది నెలలు. కాబట్టి ఇదే ఆఖరి పరీక్ష.

మీరు పంపిన క్యాసెట్టులో మొదటి సంభాషణ విన్నాను. బస్టాండులో సంచి పోగొట్టుకున్న ఒకావిడ అక్కడి గుమాస్తాతో మాట్లాడుతుంది. ఎనిమిది ప్రశ్నలకి రెండు జవాబులే రాయగలిగాను. ఎందుకంటే ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా వెనక ఫ్యాను వినిపిస్తోంది. దాని బేరింగు పోయింది. నూనె మొహం చూసి ఏడాది దాటి ఉంటుంది. ఆవిడ సంచి రంగు చెబుతుంటే నా ప్రాణమంతా ఆ ఫ్యాను మీదే ఉంది.

ఇక నా సందేహం. ఆ ఫ్యాను ఆపి ఇంకో క్యాసెట్టు పంపగలరా?

ఇట్లు
మీ విధేయ విద్యార్థి,
ఫ్యాన్ల మెకానిక్

తా.క.: ఇంతకీ ఆవిడ సంచి దొరికిందా? క్యాసెట్టు అక్కడితో ఆగిపోయింది. మా ఆవిడ కూడా అడుగుతోంది.

*

నమోదు సంఖ్య 212 గారికి,

మీ ఉత్తరం అందింది. మా రికార్డింగులో ఫ్యాను శబ్దం ఏదీ లేదు. గదిలో ఫ్యాను ఉన్న మాట నిజమే. అది ఎంతో నిశ్శబ్దంగా తిరుగుతుంది. రోజంతా దాని కిందే కూర్చుని పనిచేసుకునే నాకు వినిపించనిది, ఎక్కడో ఉన్న మీకు వినిపించిందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ముందు మీ టేప్ రికార్డరు ఎవరైనా మంచి మెకానిక్కి చూపించుకోండి.

పరీక్షలో అడిగేది మనుషులు ఏమన్నారని. వస్తువులు ఏమన్నాయని కాదు. మనుషుల్ని వినండి.

రెండో అభ్యాసం: మీరు కొన్న బట్టలుతికే మిషను పాడైంది. దుకాణం మేనేజరుకి నూట యాభై మాటల్లో ఫిర్యాదు ఉత్తరం రాయండి.

ఇట్లు
ట్యూటర్, వినడం–రాయడం విభాగం

తా.క.: సంచి పోగొట్టుకున్న ఆవిడ కల్పిత వ్యక్తి. ఆవిడ గురించి బెంగ అక్కర్లేదు. ఇంకొక మాట, ఫోన్ చేయవద్దు. ఏదైనా ఉంటే ఉత్తరం రాయండి.

*

ట్యూటర్ మేడమ్ గారికి,

నమస్కారాలు. టేప్ రికార్డరు మంచి మెకానిక్కి చూపించమన్నారు. చూపించాను, అంటే అద్దంలో నాకు నేనే చూపించుకున్నాను. విప్పి, తుడిచి, బిగించాను. ఆ పైన ఎక్స్‌రే గది వాళ్లదొకటి, పక్కింటివాళ్లదొకటి అరువు తెచ్చి మూడింటిలోనూ విన్నాను. మూడింటిలోనూ ఫ్యానుంది.

మీరు వద్దన్నా మనసాగక ఒకసారి ఫోన్ చేశాను, క్షమించాలి. నేను ఫ్యాను అన్నాను, మీరు "ఉత్తరం రాయండి" అన్నారు. క్యాసెట్టు అన్నాను, "ఉత్తరం రాయండి" అన్నారు. ఉంటాను మేడమ్ అన్నాను. దానికీ అదే అన్నారు. అందుకే రాస్తున్నాను.

విషయం ముదిరింది. మొదటి సంభాషణలో ఒట్టి కర్రుమనే శబ్దమే ఉంది. ఏడో సంభాషణకొచ్చేసరికి చుట్టుకోసారి టక్కుమంటోంది. అది బేరింగు కాదు. పైన కొక్కేనికి రాడ్డుని పట్టి ఉంచే బోల్టుకి, అది జారకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ను ఊడిపోయింది. ఇంతగా వదులవ్వాలంటే మొదటి సంభాషణకీ ఏడోదానికీ మధ్య కనీసం నెల గడిచి ఉండాలి. దయచేసి ఆ ఫ్యాను కింద కూర్చోకండి.

మీరన్నట్టు మనుషుల్ని కూడా విన్నాను. గుమాస్తా మాట ముగించిన ప్రతిసారీ ఆవిడ రెండు సెకన్లు ఆగి గానీ జవాబు చెప్పదు. పాపం, సంచి పోయి బెదిరిపోయినట్టుంది.

బట్టల మిషను ఫిర్యాదు మాత్రం రాయలేకపోయాను. మాకు మిషనే లేదు. పక్కింటివాళ్ల దాని మీద రాద్దామని వెళ్లాను. అది నిజంగానే పాడై ఉంది. చూస్తూ ఊరుకోలేక బాగుచేసేశాను. ఇప్పుడు ఫిర్యాదు చేయడానికి ఏమీ మిగల్లేదు. తప్పు చేయని దుకాణదారు మీద లేనిపోనివి ఎలా రాయను?

ఇట్లు
మీ విద్యార్థి,
ఫ్యాన్ల మెకానిక్

తా.క.: "ఇరవై ఏళ్లుగా నా మాటే చెవిన పెట్టని మనిషికి వినే పరీక్షా!" అని మా ఆవిడ అందరికీ చెప్పి నవ్విస్తోంది.

*

నమోదు సంఖ్య 212 గారికి,

మొదటి సంభాషణకీ ఏడోదానికీ మధ్య నెల పైనే, అంటే అయిదు వారాలు, గడిచిన సంగతి మీకెవరు చెప్పారు? క్యాసెట్టులో గుమాస్తాగా మాట్లాడిన మా ఆఫీసు గుమాస్తాయేనా? ఇక్కడి సంగతులు ఎవరో మీకు చేరవేస్తున్నారని అర్థమైంది. ఆయన్ని నిలదీశాను. ఏమీ తెలియనట్టు మొహం పెట్టాడు. రెండు రోజులుగా మా మధ్య మాటల్లేవు.

క్యాసెట్టు మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు విన్నాను. కర్రూ లేదు, టక్కూ లేదు. పదకొండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. సాకులు వెతికే విద్యార్థుల్ని చాలామందిని చూశాను. ఫ్యానుని సాకుగా తెచ్చినవాళ్లలో మీరే ప్రథములు.

మీకు వినడంలో పదికి మూడు. పరీక్షకి అయిదు వారాలే ఉంది.

అబద్ధం రాయలేనంటే నిజమే రాయండి. నిజంగా ఉన్న లోపం ఒకటి తీసుకుని, అది ఏమిటి, ఎప్పటినుంచి, ఏం చేయాలి అనేది దానికి బాధ్యుడైన అధికారికి రాయండి. నూట యాభై మాటలు.

ఇట్లు
ట్యూటర్

తా.క.: సంచి గురించి మీ ఆవిడ రాసిన చీటీ కూడా అందింది. కల్పితం అంటే లేనిది అని ఆవిడకి చెప్పండి.

*

ట్యూటర్ మేడమ్ గారికి,

నమస్కారాలు. మీ సలహా అద్భుతంగా పనిచేసింది. నిజం రాయమనేసరికి ఇంగ్లీషు దానంతటదే వచ్చింది. నూట అరవై మూడు మాటలైంది. లోపం ఫ్యాను. బాధ్యుడైన అధికారి మీ డైరెక్టరు గారు. నకలు దీంతో జత చేశాను. అసలు ఉత్తరం ఆయనకి నిన్ననే పోస్టు చేశాను. పోస్టు చేయకపోతే అది ఉత్తరం ఎలా అవుతుంది?

రెండు ఉత్తరాలు రాసినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయిందని అందులో ఒక వాక్యం పెట్టాను. మన సామెతని ఇంగ్లీషులోకి దింపడానికి గంట పట్టింది. అన్యథా భావించకండి.

వినడానికి కూడా ఒక ఉపాయం దొరికింది. ఇంట్లో ఫ్యాను ఆపేసి, రోజూ అరగంట మా ఆవిడ మాటలు వింటున్నాను. పెళ్లయ్యాక ఆవిడ చెప్పింది మొత్తం వినడం ఇదే మొదటిసారి. అందులో సగం నా మీద ఫిర్యాదులు. ఒక్కటీ కల్పితం కాదు.

ఇట్లు
మీ విద్యార్థి,
ఫ్యాన్ల మెకానిక్

తా.క.: గుమాస్తా గారెవరో నాకు తెలియదు. క్యాసెట్టులో గొంతు వింటే మంచివాడిలాగే ఉన్నాడు. మాట్లాడండి.

*

నమోదు సంఖ్య 212 గారికి,

మీ పుణ్యమా అని డైరెక్టరు గారు మీ ఉత్తరం చేత్తో పట్టుకుని నా గదికి వచ్చారు. "ఈయన రెండుసార్లు రాస్తే మీరు పట్టించుకోలేదా?" అన్నారు. శబ్దమే లేదండీ అన్నాను. ఆయన సిబ్బందిని అందరినీ పిలిచి క్యాసెట్టు పెట్టారు. అందరూ ముందు ఫ్యాను వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. వాళ్లందరికీ ఎప్పటినుంచో వినిపిస్తూనే ఉందట. అలవాటైపోయిందట.

క్యాసెట్టు మూడుసార్లు విన్నానని మీకు రాసిన మాటే ఆయన ముందూ అన్నాను. కాబట్టి ఇప్పుడు నేను అబద్ధాలకోరునైనా అయ్యుండాలి, ఒళ్లు దాచుకునేదాన్నైనా అయ్యుండాలి. మూడో కారణం ఆయనకి తోచలేదు. సోమవారంలోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు. ఫ్యాను బాగుచేసేవాడికి కబురు పెట్టారు. వచ్చే వారం వస్తాడట.

పదకొండేళ్ల ఉద్యోగం మీ ఫ్యానుకి చుట్టుకుని తిరుగుతోంది. ఇకపై మీ అభ్యాసాలు వేరే ట్యూటరుకి పంపండి.

ఇట్లు
ట్యూటర్

తా.క.: మీ ఫిర్యాదు ఉత్తరానికి పదికి ఎనిమిది. ఇది మెచ్చుకోలు కాదు. న్యాయంగా రావలసిన మార్కు.

*

మేడమ్ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. నా సీటు కోసం మీ కుర్చీకి ఎసరు పెట్టాను. వేరే ట్యూటరుకి రాయమన్నారు గానీ, ఈ ఒక్కటీ చదవండి.

మెకానిక్ "వచ్చే వారం" అంటే ఏమిటో నాకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా నేనూ ఆ మాటే చెబుతున్నాను. అందుకే ఆదివారం నాలుగు గంటలు బస్సులో కూర్చుని మీ ఆఫీసుకి వచ్చాను. డైరెక్టరు గారికి ఫోన్ చేసి అనుమతి అడిగితే, వాచ్‌మన్ నిచ్చెన పట్టుకున్నాడు. విప్పి చూస్తే బోల్టు చివరి మరలో వేలాడుతోంది. దానికి సరిగ్గా కింద, ఎర్ర దిండు వేసిన కుర్చీ. అది ఎవరిదో వాచ్‌మన్ చెప్పాడు. ముందు దిగి ఆ కుర్చీని పక్కకి జరిపాను.

కొత్త బోల్టు, కొత్త పిన్ను, కొత్త బేరింగు వేశాను. ఇప్పుడు అది నిజంగానే మీరు చెప్పినంత నిశ్శబ్దంగా తిరుగుతుంది. ఇలాంటి శబ్దాలు ఫ్యాన్ల వాళ్లకే పట్టుబడతాయి, తప్పు మేడమ్ గారిది కాదని డైరెక్టరు గారికి చీటీ రాసి పెట్టాను.

పరీక్షకి మూడు వారాలుంది. వస్తే వస్తుంది, పోతే పోతుంది. మీ ఉద్యోగం మాత్రం పోకూడదు.

ఇట్లు
ఫ్యాన్ల మెకానిక్

తా.క.: పనిలో పనిగా మీ బల్ల మీది ఫోను కూడా చూశాను. శబ్దం మీట ఎవరో చివరికంటా తిప్పేశారు. చెవులు చిల్లులు పడతాయి. సగానికి తగ్గించాను. దీనికి కృతజ్ఞతలు అక్కర్లేదు.

*

మేడమ్ గారికి,

నమస్కారాలు. ఏడు వారాలైంది, మీనుంచి ఉత్తరం లేదు. మధ్యలో కొత్త క్యాసెట్టు మాత్రం వచ్చింది. అందులో ఫ్యాను లేదు. సంచి పోగొట్టుకున్నావిడ కూడా ఇప్పుడు ఆగడం లేదు, టకటకా జవాబు చెబుతోంది. ఎనిమిదికి ఏడు రాశాను.

పరీక్ష అయింది. ఎందుకైనా మంచిదని గంట ముందే వెళ్లి, అడిగి, హాల్లో మూడు ఫ్యాన్లకీ నూనె వేశాను. నిర్వాహకులు కాఫీ ఇచ్చారు. రాయడంలో ప్రశ్న ఏమిటో తెలుసా? మీవల్ల ఇబ్బంది పడ్డ ఒకరికి క్షమాపణ ఉత్తరం రాయండి. నేను కల్పించాల్సిన పనే లేకపోయింది. మీకే రాశాను.

ఫలితాలు నిన్న వచ్చాయి. వినడం ఆరున్నర. రాయడం ఎనిమిది. కాలేజీలో సీటు వచ్చింది. మా పైఅధికారులు ముగ్గురూ వచ్చి చెయ్యి కలిపారు. మా ఆవిడ ఏడ్చింది. నేను మాత్రం మీ కబురు తెలియక సగమే సంతోషించాను. మీరు ఆ కుర్చీలోనే ఉన్నారా?

ఇట్లు
మీ విద్యార్థి,
ఫ్యాన్ల మెకానిక్

తా.క.: పాసయ్యావు కదా, ఇక అరగంట వినడం మానేయకు అని ఇంట్లో ఉత్తర్వులు. డిప్లొమాకి మూడేళ్లు. దీనికి గడువు చెప్పలేదు.

*

ప్రియమైన మెకానిక్ గారికి,

ఆ కుర్చీలోనే ఉన్నాను. ఇన్నాళ్లు రాయనిది కోపంతో కాదు, సిగ్గుతో.

ఆ సోమవారం నా ఫోను మోగింది. అది మోగితే బల్ల అదురుతుంది, అలాగే తెలుస్తుంది నాకు. మీట చివరికంటా ఉన్నప్పుడు ఆయన గొంతు కాస్తో కూస్తో అందేది, మీరు సగానికి తగ్గించారు కదా, తీస్తే గాలి తప్ప ఏమీ వినిపించలేదు. అలవాటు ప్రకారం "ఏదైనా ఉంటే ఉత్తరం రాయండి" అని పెట్టేశాను. అటువైపున్నది డైరెక్టరు గారు. అయిదు నిమిషాల్లో గుమ్మంలో నిలబడ్డారు. నేను చెప్పినట్టే ఉత్తరం రాసి తెచ్చారు. ఒకటే వాక్యం: "మీకు వినపడటం లేదా?"

నాలుగేళ్లుగా ఎవరూ అడగలేదు మెకానిక్ గారూ. అడగకూడదని రోజూ కోరుకున్నాను. అడిగేసరికి ఏడుపు ఆగలేదు. వినడం నేర్పే మనిషికి వినపడదంటే ఎవరు ఉంచుకుంటారని దాచాను. క్యాసెట్టు మూడుసార్లు విన్న మాట నిజమే. మూడుసార్లూ అది తిరగడమే చూశాను. మీరు జాలిపడ్డ ఆ రెండు సెకన్లు భయం కాదు. గుమాస్తా పెదవులు ఆగాయో లేదో చూసుకునేదాన్ని. ఆ సంచి ఆవిడ నేనే.

ఆయన ఉద్యోగం తీసేయలేదు. చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. వినికిడి మిషను పెట్టుకుని మొట్టమొదట విన్నది మీ పాత క్యాసెట్టే. కర్రూ ఉంది, టక్కూ ఉంది. పక్కన కూర్చున్న గుమాస్తాకి క్షమాపణ చెప్పాను. ఆయన ఏమన్నాడో మొత్తం వినిపించింది. మీ శంఖం సామెతకి అప్పట్లో నాకు ఒళ్లు మండింది. ఇంగ్లీషులో కూడా బాగానే మోగిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

డిప్లొమా పూర్తి చేయండి. మిమ్మల్ని చూస్తే నాకు గర్వంగా ఉంది.

ఇట్లు
మీ ట్యూటర్

తా.క. 1: సంచి దొరికిందని మీ ఆవిడకి చెప్పండి. కల్పితమే అయినా ఆవిడకి ఈ మాట బాకీ ఉన్నాను.

తా.క. 2: నాలుగు రోజులుగా ఈ వినికిడి మిషను సన్నగా కూత పెడుతోంది. డాక్టరు గారు ఏమీ లేదంటున్నారు. మీరు ఒకసారి వింటే తేలిపోతుంది. ఉత్తరం రాయకండి. ఫోన్ చేయండి.