దర్జీ బావ తువ్వాలు

తమ్ముడికి,

నువ్వు ఫోనెత్తవు కదా, అందుకే పాలవాడి చేత ఈ చీటీ పంపుతున్నాను. తాళాలు తెరిచే నీ పనిముట్ల సంచీ పట్టుకుని వెంటనే బయలుదేరు.

మా మేడలో ఒంటిగా ఉండే ముసలివాళ్ళం నలుగురం ఒక ఒప్పందం చేసుకున్నాం. తెల్లవారగానే ఎవరి తువ్వాలు వాళ్ళు బాల్కనీ కమ్మీ మీద వెయ్యాలి, చీకటి పడితే తియ్యాలి. తువ్వాలు కనిపిస్తే మనిషి ఉన్నట్టే. ఉపాయం నాదే, బడికి పోని బుర్రలు ఇలాంటివాటికి బాగా పనిచేస్తాయి. మా నలుగురిలో ఒకడైన దర్జీ బావ మాత్రం, "మనిషి పోయాడని తువ్వాలుకి ఎవరు చెబుతారు బావా?" అన్నాడు. అందరం నవ్వాం.

అతను పేకాటకి రావడం మానేస్తే, ఓడిపోయి అలిగాడనుకున్నాం. ఎర్ర తువ్వాలు రోజూ కనిపిస్తోంది కదా, నిశ్చింతగా టీ తాగుతూ కూర్చున్నాం. రాత్రంతా వాన కురిసింది. పొద్దున చూస్తే ఆ తువ్వాలు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంటే రాత్రి దాన్ని ఎవరూ తియ్యలేదు. తలుపు కొడితే పలకలేదు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

మిగతా ఇద్దరినీ అడిగాను. నడుం నొప్పులని వాళ్ళూ తియ్యడం మానేశారట. నాదీ ఎప్పటినుంచో కమ్మీ మీదే ఉంది.

త్వరగా రా. ఇకమీదట ఎప్పుడు ఈ వీధిలోకి వచ్చినా, నా తువ్వాలు చూసి వెళ్ళిపోకు. తలుపు కొట్టు.

అన్నయ్య