రిజిస్టరులోని షాలేమ్ రాజు

నేను, గోనె ఎలియాజరు, వయసు డెబ్బై రెండు, పుట్టింది నరసాపురంలో, ఉంటున్నది ఒంటారియోలోని ఏజాక్స్‌లో, నర్సుగా పనిచేసిన నా భార్య కీర్తిశేషురాలు జ్ఞానవతి నాకు మిగిల్చిన ఇంట్లో. గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పింది. బుర్ర మాత్రం పూర్తిగా పనిచేస్తోంది. ఎవరి బలవంతమూ లేకుండా, నలుగురు వద్దంటున్నా వినకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినది రద్దు.

1. ఆస్తికన్నా ముందు నా వాంగ్మూలం. కాందహార్‌లో కెనడా సైనికుల క్యాంపు వంటశాలకు 2006 నుంచి 2011 దాకా నేను సూపర్‌వైజరుని. ఆఫ్ఘన్ సహాయకుడు గుల్ రహీం ఆ ఐదేళ్ళూ నా దగ్గరే పనిచేశాడు. కూరగాయల బళ్ళవాళ్ళతో మా తరఫున మాట్లాడిందీ అతనే. హాజరు రిజిస్టరులో అతని పేరు లేదు. ఎందుకంటే నేను రాయలేదు. పేర్లు బయటికి పొక్కితే ఇంటికొచ్చి చంపుతారని భయపడి, చిన్నతనంలోనే పోయిన నా తమ్ముడు షాలేమ్ రాజు పేరు రాశాను.

2009 వేసవిలో పుచ్చకాయల లారీని రోజూ వచ్చే డ్రైవరు కాకుండా వేరేవాడు తోలుకొచ్చాడు. గుల్ రహీం అది గమనించి లారీని గేటు దగ్గరే ఆపించాడు. కాయల కింద బాంబు దొరికింది. ఆ పూట లోపల ఉన్న నలభై మందిలో నేనొకణ్ణి. తర్వాత, చంపడానికి తిరిగేవాళ్ళు మా పనివాళ్ళ జాబితా సంపాదించి ఊరూరా వెతికారు. షాలేమ్ రాజు అనేవాడు వాళ్ళకు దొరకలేదు.

ఇప్పుడు వీసా ఆఫీసుకూ దొరకడం లేదు. కెనడా రావడానికి అర్జీ పెట్టుకుంటే, గుల్ రహీం అనే మనిషి పనిచేసినట్టు రికార్డు లేదట! నన్ను పనిలో పెట్టుకున్న దుబాయి కంపెనీ ఎప్పుడో మూతపడింది. మూడు ఉత్తరాలు రాశాక, జనవరి ఇరవైన నా వాంగ్మూలం తీసుకుంటామన్నారు. డాక్టరు క్రిస్మస్‌కు కూడా హామీ ఇవ్వలేదు. ఇలాంటివి వీలునామాలో రాయరని లాయరు సరోజ గారు అన్నారు. నేను రాస్తున్నాను. ఆఫీసరు గారూ, చావబోయేవాడికి అబద్ధమాడితే కలిసొచ్చేదేముంది?

2. క్యాంపు ఎత్తేసిన రోజు చెత్తలో పారేస్తుంటే తీసి దాచిన ఆ రిజిస్టరును నా కూతురు, ఈ వీలునామా అమలుకర్త ఏనీకి అప్పగిస్తున్నాను. నకళ్ళు పంపితే స్పష్టంగా లేవన్నారు. ఇదిగో అసలుది. షాలేమ్ రాజు పేరు ఎదురుగా రోజూ గుల్ రహీం వేలిముద్ర ఉంది. పోల్చి చూసుకోండి. పేరు మార్చాను గానీ వేలు మార్చలేదు. ఏనీ, అప్‌లోడ్ చేసి చేతులు దులుపుకోకు. స్వయంగా వెళ్ళి ఇచ్చి, రసీదు తీసుకో. "లెట్ ఇట్ గో, డాడీ" అని ఇంకోసారి అనకు. వదలను.

3. ఇల్లు ఏనీది. బేస్‌మెంటు మాత్రం గుల్ రహీం, అతని భార్య, ముగ్గురు పిల్లలు, పాకిస్తాన్‌లో తలదాచుకుంటున్న క్వెట్టా నుంచి వచ్చేదాకా ఖాళీగా ఉండాలి. వచ్చాక ఐదేళ్ళు అది వాళ్ళది. ఈలోగా అద్దెకిస్తే ఇల్లంతా వాళ్ళదే. అల్లుడు ప్రజ్వల్ టేపు పట్టుకుని ఆ గదులు కొలవడం నేను చూశాను.

4. మీ అమ్మ కుట్టుమిషను కూడా నీకే, ఏనీ. దానికి షరతుల్లేవు. కొత్త సూది వేసి ఉంచాను. నీతో వాదించాను గానీ నీమీద కోపం లేదమ్మా.

5. గుల్ రహీం కుటుంబం కోసం ప్రార్థన చేద్దామంటే "వాళ్ళు మన విశ్వాసులు కారు కదండీ" అన్న సంఘపెద్ద యోగానంద్ గారికి నా హియరింగ్ ఎయిడ్. నాకన్నా ఆయనకే అవసరం. నా సమాధి దగ్గర ఆయన ప్రసంగించకూడదు.

6. గుల్ రహీంకు నా పెద్ద గరిటె. నా చేపల పులుసులో కారం ఎక్కువని ఐదేళ్ళు సణిగాడు, ఐదేళ్ళూ గిన్నె ఊడ్చి తిన్నాడు.

7. ఇచ్చినవాటిలో ఒక్కటి వెనక్కి తీసుకుంటున్నాను. షాలేమ్ రాజు అనే పేరు ఈ రోజుతో నా తమ్ముడికి తిరిగి చేరుతుంది. ఆ పుచ్చకాయల లారీ నాటి నుంచి పదహారేళ్ళు ఒక మనిషిని కాపాడింది, ఇక చాలు. రిజిస్టరులో ఆ పేరున్న ప్రతిచోటా గుల్ రహీం అని చదవాలి. రాసింది నేనే, దిద్దుతున్నదీ నేనే.

ఏజాక్స్, 2025 నవంబరు 14.

(సంతకం) గోనె ఎలియాజరు
క్యాంపు వంటశాల సూపర్‌వైజరు

మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు.
సాక్షులు: చక్రధర్, పక్కింటివారు
మృదుల, ఇంటికొచ్చి చూసే నర్సు