నాందేడ్ ట్రిప్, ముందు సీట్లో బాపు

నవంబర్ 12, బుధవారం

ఈ డైరీ టైర్ల షాపువాళ్లు జనవరిలో ఇచ్చారు. పది నెలలుగా వ్యాన్ డ్యాష్‌బోర్డులో పడి ఉంది. ఇవాళ రాయాలనిపించింది. నోటితో ఎవరికి చెప్పుకున్నా నన్నే తిడతారు.

నాందేడ్ ట్రిప్ వచ్చింది. ఢిల్లీ నుంచి తొమ్మిది మంది సిక్కులు శుక్రవారం పొద్దున శంషాబాద్‌లో దిగుతారు. వాళ్లను నాందేడ్ తీసుకెళ్లి, అక్కడి గురుద్వారాలన్నీ తిప్పి, ఆదివారం సాయంత్రం మళ్లీ ఎయిర్‌పోర్టులో దింపాలి. ఆడ డ్రైవర్ ఉందని తెలిసి ఒకామె ఫోన్ చేసి మరీ ఖాయం చేసుకుంది. పేరు హర్బన్స్ కౌర్. బ్యాంకులో చేసి రిటైరైందట. ఆ గొంతు వింటే హెడ్‌మిస్ట్రెస్ అనుకున్నాను.

మా నాన్న, బాపును కూడా తీసుకెళ్తున్నాను. మా ఆయన శ్రావణ్‌కు ఎయిర్‌పోర్టు కార్గోలో డ్యూటీ. మా పాప ప్రియ బడికి పోతుంది. ఒక్కడే ఉంటే బాపు అన్నం వండిన గిన్నె మూత కూడా తియ్యడు.

ఆగస్టు నుంచి బాపు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ప్రియతో మాట్లాడతాడు. శ్రావణ్‌తో, పాలవాడితో, గేటు ముందు పడుకునే కుక్కతో కూడా మాట్లాడతాడు. నాతోనే లేదు.

తప్పు నాదే. బాపు యాభై ఏళ్లుగా బస్టాండ్ పక్కన కూర్చొని చెప్పులు కుడుతున్నాడు. ప్రియ స్కూల్ బస్సు ఆ దారినే పోతుంది. తాతా, తాతా అని అది కిటికీలోంచి అరుస్తుంది. దానికి సిగ్గు లేదు. సిగ్గంతా నాకే. పేరెంట్స్ మీటింగ్‌లో ఒకామె నవ్వుతూ, అక్కడ కూర్చునేది మీ నాన్నగారేనటగా అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ వారమే బాపు కళ్ల పరీక్షకు దవాఖానకు పోయినప్పుడు ఆయన పెట్టెను పాత సామాను బండివాడికి ఇచ్చేశాను. తోలు కుట్టే ఆరె, కోసే కత్తి, ఇనుప దిమ్మ, మైనం, అన్నీ.

బాపు వచ్చి పెట్టె ఏదని అడిగాడు. ఇచ్చేసిన, ఇగ చాలు, ఇంట్ల కూసొని తిను అన్నాను. అదే ఆఖరి మాట. తర్వాత ఆ బండివాడి కోసం తొండుపల్లి దాకా తిరిగాను. దొరకలేదు.

నవంబర్ 13, గురువారం

బాపు బట్టలు సర్దుకోలేదు. ప్రియ సర్దింది.

నవంబర్ 14, శుక్రవారం, ఉదయం 9:20, ఎయిర్‌పోర్ట్ పార్కింగ్

వాళ్లు వచ్చేశారు. ఇద్దరి బ్యాగులు ఇంకా రాలేదని ఆగాం. ఈలోపు నా నోరు ఒక పని చేసింది.

హర్బన్స్ కౌర్‌ను అందరూ బీజీ అంటున్నారు, నేనూ అదే అంటున్నాను. మనిషి ఫోన్లో గొంతంత గట్టిది కాదు, పొట్టిగా, నవ్వుతూ ఉంది. ఆమె అన్న ఒకాయన, పంజాబ్‌లో ఉంటాడట, నీలం తలపాగా, తెల్ల గడ్డం. మిగతావాళ్లు కొడుకులు, కోడళ్లు. ఆ పెద్ద సర్దార్జీ నేరుగా ముందు సీటు దగ్గరికొచ్చి, ఈయనెవరు బేటీ అన్నాడు. మా నాన్న అన్నాను. ఏం చేస్తాడు అన్నాడు. కిసాన్ అన్నాను.

ఎందుకన్నాను? ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఎవర్నడిగినా వ్యవసాయమనే చెప్తారు కదా, అదే వచ్చేసింది. మాకు గుంట భూమి కూడా లేదు. బాపుకు హిందీ బాగానే వస్తుంది. విన్నాడు. నా వైపు చూసి, ముందు అద్దం వైపు తిరిగి కూర్చున్నాడు.

అదే రోజు, సాయంత్రం 6:30, నాందేడ్

బుద్ధి లేనిదాన్ని. పంజాబ్ నుంచి వచ్చినాయన ముందు కిసాన్ అంటానా! ఆయనకు ఇరవై ఎకరాల గోధుమ ఉందట. సంగారెడ్డి దాటకముందే వెనక సీట్లోంచి ముందుకు వంగి మొదలుపెట్టాడు. ఎన్ని ఎకరాలు, బోరు ఎంత లోతు, ఈసారి పంట ఎట్లా ఉంది అని. బాపు రోడ్డు వైపే చూశాడు. ఆయన ఇంకోసారి అడిగాడు. బాపు తల అడ్డంగా ఊపాడు. పాపం ఆ పెద్దమనిషి పంటంతా ఎండిపోయిందనుకున్నాడు. బాపు భుజం మీద చెయ్యి వేసి, దెగ్లూర్ దాకా ధైర్యం చెప్తూనే ఉన్నాడు. నేను స్టీరింగ్ మీదే కళ్లు పెట్టి నడిపాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సామాను గదుల్లో పెట్టి పెద్ద గురుద్వారా హజూర్ సాహిబ్‌కు వెళ్లాం. తెల్లటి పాలరాయి, పైన బంగారు శిఖరం. గురు గోవింద్ సింగ్ ఆఖరి రోజులు గడిపింది ఇక్కడేనని బీజీ చెప్పింది. చెప్తుంటే ఆమె కళ్లు తడిశాయి. తల మీద గుడ్డ లేకుండా లోపలికి పోకూడదు. నేను చున్నీ కప్పుకున్నాను. బాపుకు రోజూ ఉండే తువ్వాల తలపాగానే సరిపోయింది.

తర్వాత లంగర్, గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం. అందరూ నేల మీద వరసగా కూర్చొని తినాలి, ఎవరైనా సరే. రొట్టెలు పంచే అతను మా వరసలోకి వచ్చాడు. బాపు తల దించి, రెండు చేతులూ దోసిలి పట్టి, కొంచెం వెనక్కి జరిగాడు. ఆ దోసిలి గురించి చిన్నప్పుడు ఆయనే చెప్పాడు. పటేల్ ఇంటి గడప అవతల నిలబడి, పైనుంచి పడేసిన సద్ది రొట్టెను పట్టుకున్న దోసిలి. అరవై ఏళ్లయినా చేతులు మరిచిపోలేదు. అందరూ చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను.

ఎవ్వరూ చూడటం లేదు. అందరివీ దోసిళ్లే. ఇరవై ఎకరాల సర్దార్జీ కూడా తల దించి రెండు చేతులూ చాపి కూర్చున్నాడు. రొట్టె అట్లాగే తీసుకోవాలట ఇక్కడ. నేనొక్కదాన్నే దర్జాగా ఒంటి చెయ్యి చాపాను. పంచే అతను ఇవ్వకుండా నవ్వుతూ నిలబడ్డాడు. రెండో చెయ్యి కూడా పెట్టాక రొట్టె పడింది.

బాపు అదంతా చూశాడు. మూడు రొట్టెలు తిన్నాడు. ఆగస్టు తర్వాత ఆయన మూడు రొట్టెలు తినడం ఇదే మొదటిసారి.

నవంబర్ 15, శనివారం, సాయంత్రం 5

ఇవాళ్టిది ఎట్లా రాయాలో తెలియడం లేదు. వరసగానే రాస్తాను.

పొద్దున్నుంచి వరసగా తిప్పాను. నగీనా ఘాట్, బందా ఘాట్, మాల్ టేక్డీ, హీరా ఘాట్. నగీనా ఘాట్ దగ్గర బీజీ ఒక కథ చెప్పింది. ఒక వ్యాపారి గురువుకు ఖరీదైన రత్నం ఇస్తే ఆయన గోదాట్లో విసిరేశాడట. వ్యాపారి బాధపడితే, పోయి నీది వెతుక్కో అన్నాడట. నీళ్లలో చూస్తే అట్లాంటివి కుప్పలుగా ఉన్నాయట. నాకు మాత్రం ఆ వ్యాపారి మీద జాలేసింది. ఎన్ని ఉంటే ఏం, అందులో తనది ఏదో తెలియదు కదా.

మధ్యాహ్నం హజూర్ సాహిబ్‌కు తిరిగొచ్చాం. వ్యాన్ పెట్టి, పార్కింగ్ చీటీ తెచ్చుకొని వచ్చి చూస్తే ముందు సీటు ఖాళీ. బాపు ఫోన్ సీట్లోనే ఉంది. లంగర్‌లో చూశాను, లేడు. కుళాయిల దగ్గర లేడు. ఘాట్ మెట్ల దాకా ఉరికాను. మాట్లాడకపోతే పోనీ, మనిషి ఉంటే చాలు అని గోదారికి దండం పెట్టాను.

దొరికింది జోడా ఘర్‌లో. అంటే లోపలికి వెళ్లేవాళ్లు చెప్పులు అప్పగించే చోటు. కిటికీలోంచి చెప్పులు తీసుకొని, గుడ్డతో తుడిచి, అరల్లో పెడతారు. ఆ పని మొక్కుగా చేస్తారు. పెద్ద పెద్ద చదువులవాళ్లు, కార్లున్నవాళ్లు కూడా. పెద్ద సర్దార్జీ గడ్డం మీద దుమ్ముతో ఒక బూటు తుడుస్తున్నాడు. ఆయన పక్కన నేల మీద బాపు. బాపు తుడవడం లేదు, కుడుతున్నాడు. ఎవరో ముసలామె చెప్పు పట్టీ తెగితే, లంగర్‌లో బియ్యం బస్తాలు కుట్టే దబ్బనం అడిగి తెచ్చుకున్నాడట. చెప్పును పాదాల మధ్య పట్టి, దారాన్ని రెండు వైపులా లాగి బిగిస్తున్నాడు.

సర్దార్జీ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ కుట్టునూ, బాపు చేతినీ చూశాడు. ఇది కిసాన్ చెయ్యి కాదే అన్నాడు. బాపు తల ఎత్తకుండానే హిందీలో, కాదు సాబ్, నేను చెప్పులు కుడతాను, కిసాన్ అన్నది నా బిడ్డ అన్నాడు.

సర్దార్జీ ముందు పెద్దగా నవ్వాడు. రెండు గంటలు బోర్ల గురించి చెప్పింది గుర్తొచ్చి ఉంటుంది, ముఖం ఎర్రబడింది. నావైపు తిరిగి, బాపు ముందే, ఎందుకు అబద్ధం చెప్పావు బేటీ అన్నాడు. కొడుకు ఒళ్లు బాగుపడాలని మొక్కుకొని ఈ పని చెయ్యడానికే ఢిల్లీ మీదుగా ఇంత దూరం వచ్చానని, నువ్వేమో దీన్నే దాచావని అన్నాడు. బీజీ ఆయన్ను కసిరి, నా చున్నీ సర్ది, పోయి చాయ్ తాగు అంది.

వ్యాన్‌లో కూర్చొని ఏడ్చాను. కాసేపటికి బాపు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. తలుపు వేశాడు. మూడు నెలల తర్వాత మాట్లాడాడు.

ఆయన నాలుగు దినాలు తుడిసి ఇంటికి పోతడు, అందరు దండం పెడ్తరు, మంచిదే అన్నాడు. నేను యాభై ఏండ్లు గక్కడ కూసున్న, చెప్పు మొఖాన ఇసిరినోళ్లున్నరు, పేరు పెట్టి పిలవనోళ్లున్నరు, ఎవ్వని ముందట నేను తల దించుకోలే అన్నాడు. నా తలకాయ దించింది నువ్వొక్కదానివే బిడ్డా అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. అన్నం పెట్టమన్నంత మామూలుగా అన్నాడు. నేను ఆయన కాళ్ల మీద పడలేదు. తప్పైంది బాపు అని మాత్రం అన్నాను. విన్నట్టు తల ఊపాడు.

నవంబర్ 16, ఆదివారం

ఎయిర్‌పోర్టులో దింపాను. పెద్ద సర్దార్జీ బాపును కావలించుకున్నాడు, ఈసారి పంటల మాట ఎత్తలేదు. బీజీ నాకు చెయ్యి ఊపుతూ వెళ్లింది.

బాపు ఇంటిదాకా మాట్లాడలేదు. కానీ ఇది వేరే రకం. అలసట.

నవంబర్ 20, గురువారం

పాతబస్తీకి వెళ్లాను. తోలు సామాన్ల దుకాణం. రాజేంద్రనగర్ దాటేదాకా ఏమని అడగాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. కొనేది వేరేవాళ్ల కోసమని చెప్పాలని కూడా అనుకున్నాను. ఇంకా ఆ బుద్ధి పోలేదు నాకు.

యజమాని ఘియాసుద్దీన్ సాబ్, ముసలాయన. ఎవరికమ్మా అన్నాడు. మా బాపు చెప్పులు కుడతాడు, ఆయనకు అన్నాను. గొంతు కొంచెం పెద్దదైనట్టుంది, పక్కన ఇద్దరు తిరిగి చూశారు. చూడనీ. ఆరె, కత్తి, దిమ్మ, మైనం, దారం అన్నీ పేరుపేరునా అడిగాను. చిన్నప్పుడు బడినుంచి వచ్చి బాపుకు అందించిన పేర్లే, ఒక్కటీ మరిచిపోలేదు. దుకాణదారు ఆరెలు నాలుగు నా ముందు పెట్టి, మీ బాపు అరచెయ్యి వెడల్పా, సన్నమా, ఎడమ చేత్తో పట్టుకుంటాడా అని అడిగాడు.

నాకు తెలియదు. ముప్పై నాలుగేళ్లు వచ్చాయి, బాపు ఏ చేత్తో ఆరె పట్టుకుంటాడో తెలియదు. అందాజుగా ఒకటి తెచ్చాను.

నవంబర్ 21, శుక్రవారం

సామాను చూశాడు. ఆరె పట్టుకున్నాడు. కుడిచేత్తోనే. రెండుసార్లు గాల్లో తిప్పి కింద పెట్టాడు. పాతది నా చేతికి అరిగి ఉండె, గిది ఒప్పుకుంటలేదు అన్నాడు. లోపలికి పోయి పడుకున్నాడు.

కోపమొచ్చింది. ఎవరి మీదనో తెలియలేదు. గిన్నెలన్నీ రెండోసారి తోమాను.

నవంబర్ 25, మంగళవారం

పొద్దున్నే పెరట్లో గీకుతున్న చప్పుడు. బాపు గాజు పెంకుతో ఆరె పిడిని చెక్కుతున్నాడు. నేను చాయ్ పెట్టి వచ్చేశాను. మధ్యాహ్నం చూస్తే ఇంకా చెక్కుతూనే ఉన్నాడు. ప్రియ పక్కన కూర్చొని ఆ పొట్టు ఊదుతోంది.

డిసెంబర్ 3, బుధవారం

ఎయిర్‌పోర్టు గిరాకి ఎక్కించుకొని వస్తూ బస్టాండ్ పక్కన వ్యాన్ ఆపాను. అందరూ ఎందుకాపావన్నారు. మా బాపు ఇక్కడ కూర్చుంటాడు, కలిసి వస్తా అని దిగాను. ఇంట్లో మరిచిపోయిన బీపీ గోలీలు ఇద్దామని.

ఆయన ముందు ఇద్దరున్నారు. బాపు నన్ను చూసి, జర ఆగు బిడ్డా, ముందొచ్చినోళ్లది కానీయ్ అన్నాడు.

ఆగాను.