పేచీ పెట్టే పిల్లకు సంరక్షకురాలు

ఖమ్మం జిల్లా జూలూరుపాడులో కిరాయి ఇంట్లో ఉంటూ, ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్న, కీర్తిశేషులు దేవదానం గారి పెద్ద కొడుకు గద్దల జకర్యా అనే నేను, యాభై ఒకటో ఏట, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. నాకు మతి చలించిందని మా సంఘ పెద్దలు మందిరంలో చెబుతూనే ఉన్నారు కనుక, చలించలేదని డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేస్తున్నాను. పాడైంది గుండె కవాటం ఒక్కటే. దానికి వచ్చే వారం హైదరాబాదులో ఆపరేషన్.

ఆపరేషన్‌కు వెళ్ళడం అవిశ్వాసమని మా సంఘ పెద్ద, నా సొంత తమ్ముడు షాలేమ్‌రాజు తీర్పు. "అన్నా, చిన్నపిల్లగాని లెక్క దేవుని మీద భారమెయ్యి. కత్తులతోని ఏం పనే నీకు?" అన్నాడు. నిరుడు ఆయనే కొత్తగూడెంలో హెర్నియాకు కుట్లు వేయించుకొని వచ్చి, అన్నాళ్ళూ ఉపవాస ప్రార్థనలో ఉన్నానని సంఘానికి చెప్పుకున్నాడు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆ కుట్లకూ తెలుసు.

నా భార్య సువార్తమ్మ మూడేళ్ళ కింద కామెర్లతో పోయింది. నేను తిరిగిరాకపోతే మా ఒక్కగానొక్క కూతురు మహిమ ఎవరి దగ్గర పెరగాలన్నదే ఈ కాగితంలో అసలు సంగతి. మిగతాదంతా ఇంటి సామాను. ముందు సామాను సంగతి తేలుస్తాను.

1. వేంసూరులో మా అమ్మ నుంచి నాకు వచ్చిన రెండు గదుల ఇల్లు మహిమకు చెందాలి. అది మేజరయ్యే దాకా ఆ ఇంటిని ఎవరూ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ప్రార్థనా మందిరంగా మార్చకూడదు. ఈ మూడో మాట ఎవరి కోసం రాశానో వారికి తెలుసు.

2. నా పుస్తకాలు, అచ్చయి అమ్ముడుపోని నా కరపత్రాల కట్టలు హేతువాద మిత్రుడు చిరంజీవికి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆయనదే. కరపత్రాలను చెదలు తింటే బాధపడవద్దు. మొదటిసారి ఎవరో పూర్తిగా చదివినట్టు లెక్క.

3. మహిమ చిన్నప్పుడు కూర్చున్న చెక్క కుర్చీ తమ్ముడు షాలేమ్‌రాజుకు. మందిరంలో ఆడవాళ్ళూ పిల్లలూ చాప మీద కూర్చుంటే, ఎర్ర మఖమలు కుర్చీలో కూర్చొని "బిడ్డల వంటి వారు కావాలి" అని వాక్యం చెప్పడం ఆయనకు అలవాటు. ఇకనుంచి ఈ కుర్చీలో కూర్చొని చెప్పాలి. పట్టకపోతే తప్పు కుర్చీది కాదు.

4. మా ఇంటి ఉగ్గుగిన్నె సంఘంలోని పురుషుల సహవాసానికి. పసిపిల్లల విశ్వాసం మీద ఈ సహవాసం పెట్టిన కూటాలన్నిటికీ నేను వెళ్ళాను. అక్కడ మాట్లాడిన ఒక్క మగవాడికైనా సొంత బిడ్డకు జ్వరమొస్తే మందు సీసా ఏ గూట్లో ఉందో తెలియదు. వాళ్ళ లెక్కలో బిడ్డల్లా నమ్మడమంటే అడగకపోవడం, ఏడవకపోవడం, పెద్దలు నోట్లో పెట్టింది మింగడం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి పిల్లలు నాకు ఎప్పుడు కనిపించినా, ఇంట్లో ఎవరో కొడుతున్నారేమోనని వాకబు చేశాను.

అయ్యలారా, పిల్లలు బుద్ధిగా ఉండేది పరాయివాళ్ళ ముందు. నమ్మినవాళ్ళ దగ్గర పేచీ పెడతారు. కొంగు పట్టుకు లాగుతారు, వీపు మీద గుద్దుతారు, అలిసిపోయి ఆ వీపు మీదే నిద్రపోతారు. ఈ లెక్కన సంఘంలో దేవుణ్ణి బిడ్డలా నమ్మింది నేనొక్కణ్ణే. ఆయనతో నేను ఆపకుండా పోట్లాడుతున్నాను. మీరు ఆయన ముందు బుద్ధిగా ఉంటున్నారు.

5. ఇక మహిమ. నిరుడు వానాకాలం దానికి మలేరియా తలకెక్కింది. ఖమ్మం దవాఖానాలో సూదులు వేశారు, సెలైన్ ఎక్కించారు, దేవుని దయవల్ల బతికింది. మాలో రివాజు ప్రకారం ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టి, కోడికూరతో భోజనాలు పెట్టాను. తమ్ముడు లేచి, తాను నూనె రాసి ప్రార్థించగానే జ్వరం విడిచిందని సాక్ష్యం చెప్పాడు. అందులో దవాఖానా ఊసే లేదు. అందరూ స్తోత్రం అంటుండగా మహిమ లేచి నిలబడింది. "బాబాయ్, నాకు సూదులు గూడ గుచ్చిండ్రు గదా. ఆ సంగతి దేవునికి చెప్పవా? ఆయనకు తెల్వదనుకుంటున్నవా?"

కోడికూర ఎవరికీ సరిగా దిగలేదు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. పెద్దలు మాత్రం ఆ పిల్లకు దయ్యం పట్టిందా, తండ్రి పట్టాడా అని చర్చించారు. "పిల్లను నా ఇంట్ల వెయ్యి అన్నా, ఆర్నెల్లల్ల నోరు దారికొస్తది" అన్నాడు తమ్ముడు. ఆ దారి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. కనుక షాలేమ్‌రాజుకు గాని, ఆయన సంఘానికి గాని నా కూతురి మీద ఎలాంటి సంరక్షణ హక్కూ లేదు.

ఆ హక్కు తనకే వస్తుందని చిరంజీవి అనుకుంటూ ఉండవచ్చు. మిత్రమా, నీ ఇంట్లో దేవుడు లేడు, సంతోషం. కానీ అన్నం తినేముందు మహిమ కళ్ళు మూసుకుంటే, "ఏందమ్మా ఇది, చదువుకునే పిల్లవు" అని నువ్వు కసిరావు. అది ఆ పూట అన్నం తినలేదు. నోరు దారికి తెచ్చేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు.

6. నా అక్క సంపూర్ణను మహిమకు సంరక్షకురాలిగా నియమిస్తున్నాను. సువార్తమ్మ పోయినప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఉంది. నా కరపత్రాలు పాపమని నమ్ముతుంది, వాటి మీద ఉల్లిపాయలు ఆరబోస్తుంది. నేను ఓటు వేసే పార్టీకి ఎన్నడూ ఓటు వేయలేదు. ఆమెకూ నాకూ ఒక్క విషయంలోనూ కుదరదు.

అయినా ఆమెకే ఎందుకంటే, జ్వరం రోజుల్లో ఆమె గోలీ అరచేతిలో పెట్టుకొని, "ప్రభువా, ఈ గోలీని దీవించు, ఇచ్చిన డాక్టరమ్మను దీవించు" అని ప్రార్థించి, మహిమ నోట్లో వేసి నీళ్ళు తాగించేది. చేదుగా ఉందని అది ఉమ్మేస్తే మళ్ళీ ఇంకో గోలీ, మళ్ళీ ప్రార్థన. దేవుడు ఇంత చేదు ఎందుకు చేశాడని అది అడిగితే, "నాకేం తెలుసు తల్లీ, నువ్వే అడుగు" అనేది. మా మగవాళ్ళ సహవాసంలో "నాకేం తెలుసు" అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఇంట్లోని కుట్టుమిషన్, నా ఉన్ని శాలువా అక్కకు. మిషన్ సువార్తమ్మది. నూనె వేస్తూ ఉండాలి.

7. సువార్తమ్మ సమాధి దగ్గర తమ్ముడు, "దేవునికి అవసరమై పిల్చుకున్నడు" అన్నాడు. అంత పెద్ద పరలోకంలో వంట చేసేవాళ్ళు తక్కువయ్యారా అని నేను అడిగాను, పెద్దలు నన్ను పక్కకు లాగారు. అప్పటికి మహిమకు ఆరేళ్ళు. నా చెయ్యి పట్టుకొని అంతా వింది.

నేను తిరిగిరాకపోతే దానితో ఎవరూ ఆ మాట అనకూడదు. అది దేవుణ్ణి తిడుతుంది. తిట్టనివ్వండి. మందిరంలోనే తిడితే మందిరంలోనే తిట్టనివ్వండి. ఎవరూ నోరు మూయించకూడదు, ఎవరూ దేవుణ్ణి వెనకేసుకు రాకూడదు. ఆయన తట్టుకోగలడు. అది తిట్టడం మానేసి బుద్ధిగా కూర్చున్న రోజు మాత్రం అక్కా, నువ్వు భయపడు. దగ్గరకు తీసుకొని, ఏదో ఒకటి అని, మళ్ళీ పేచీ మొదలుపెట్టించు.

ఇది తప్ప నాకు వేరే వీలునామా లేదు. పై ఏడు షరతులూ చదువుకొని, నా ఇష్టపూర్వకంగా, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

జూలూరుపాడు, 11 ఆగస్టు 2007.

(సం.) గద్దల జకర్యా

సాక్షులు:
1. వెంకటప్పయ్య, ప్రధానోపాధ్యాయుడు, జూలూరుపాడు
2. రామ్‌సింగ్, పోస్ట్‌మాన్, జూలూరుపాడు