ప్రార్థన మాత్రం చేయండి

1962 ఫిబ్రవరి 12, సోమవారం

డబ్లిన్ నుంచి ఎయిర్ లెటర్ వచ్చింది. తమ్ముడు విల్సన్ రాసింది పై నాలుగు లైన్లే. డ్యూటీ, చలి, సర్జరీ పరీక్ష జూన్‌లో. మిగతాదంతా మరదలు సుభాషిణి రాసింది. వాడికి రాయడానికి ఏమీ ఉండదు, ఆమెకు చోటు చాలదు.

శనివారం ఇద్దరూ హౌత్ అనే ఊరు వెళ్ళారట. డబుల్ డెక్కర్ బస్సులో పై అంతస్తులో ముందు సీటే దొరికిందట. అక్కడి సముద్రం మన మంగినపూడిలా కాళ్ళ దగ్గరికి రాదట. కొండ అంచున నిలబడి కిందికి చూడాలట. గాలికి విల్సన్ టోపీ ఎగిరిపోతే ఇద్దరూ పరిగెత్తారట. చివరికి ఎవరో ముసలాయన కుక్క దాన్ని నోట కరుచుకుని తెచ్చి ఇచ్చిందట. వాన పడుతూనే ఉంటే ఆ ముసలాయన లవ్లీ డే అన్నాడట. బ్రెడ్డులో కోడిగుడ్డు పెట్టుకుని గొడుగు కింద తిన్నారు. ఒక్క పచ్చిమిరపకాయ ఉంటే ఎంత బాగుండేదో అని రాసింది.

జిగురు అంటించే అంచు మీద చిన్న అక్షరాలు. మూడో నెల వదినగారూ. ఎవరికీ చెప్పవద్దు, మా అమ్మకు కూడా. ప్రార్థన మాత్రం చేయండి.

పెళ్ళయి ఏడేళ్ళు. గుడివాడలో కాపురం ఉండగా ఒకసారి పోయింది. బందరు వచ్చాక ఒకసారి, ఐదో నెలలో. అప్పుడు ఆస్పత్రిలో పక్కన నేనే ఉన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

మోకరించాను.

ఫిబ్రవరి 14, బుధవారం

స్త్రీల సమాజం కూడిక. పద్దెనిమిది మంది వచ్చారు. సెక్రటరీ రూతు ప్రార్థన మనవులు అడిగింది. ఒకరికి కీళ్ళనొప్పులు, ఒకరి అల్లుడికి ఉద్యోగం. నేను సుభాషిణి సంగతి చెప్పాను.

నేనొక్కదాన్ని ప్రార్థించే కంటే పద్దెనిమిది మంది ప్రార్థించడం మేలు కదా. మన ఇళ్ళలో ప్రార్థన చేయండి అంటే అదే. సంఘంలో చెప్పకుండా చేసే ప్రార్థన నేను నేర్చుకోలేదు. మాట బయటికి పోనివ్వకండి అని కూడా అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

ఫిబ్రవరి 16, శుక్రవారం

రూతు వచ్చి ఉత్తరం వెనక ఉన్న అడ్రసు రాసుకుంది. పరాయి దేశంలో ఉన్న పిల్ల, నాలుగు మంచి మాటలు రాస్తే ధైర్యంగా ఉంటుంది కదండీ అక్కగారూ అంది. నిజమే అనిపించింది.

ఫిబ్రవరి 28, బుధవారం

కొత్త ఉత్తరం కూడికలో చదివి వినిపించాను. అంచు మీద రాసినవి వదిలేసి మిగతాది చదువుతాను. ఈ మధ్య బైబిలు వాక్యం కంటే ఉత్తరానికే ఎక్కువ మంది వస్తున్నారని నా అనుమానం.

ఈసారి ఫీనిక్స్ పార్కు. మనుషులు నడుస్తుంటే జింకలు పక్కనే మేస్తున్నాయట. బస్సు గుడి ముందు నుంచి వెళ్తుంటే జనం అంతా శిలువ గుర్తు వేసుకుంటారట, డ్రైవరు కూడా. ఆర్‌సీఎం వాళ్ళు, కాథలిక్కులు కదా అంది రూతు. స్టీరింగ్ ఎవరు పట్టుకుంటారో అన్నారు మా సమాజంలో పెద్దావిడ లీలావతిగారు. శుక్రవారం చేపల కొట్లో సుభాషిణి తలకాయలు అడిగితే కొట్టువాడు నవ్వి, పిల్లికా అని అడిగి, ఊరికే ఇచ్చేశాడట. పిల్లికి కాదు మొగుడికి అని చెప్పలేక తెచ్చుకుని పులుసు పెట్టిందట. వాసనకి కింది వాటా ఇంటావిడ పైకి వచ్చి, ఒక ముద్ద తిని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి వెళ్ళిందట.

అందరూ బాగా నవ్వారు.

మార్చి 10, శనివారం

పార్సిల్ పంపాం. బోర్డింగు స్కూలు పిల్లలు కుట్టిన చంటిపిల్లల చొక్కాలు పదకొండు. మెత్తటి నూలు గుడ్డ. పెడన నుంచి నేతగాడు వెంకటరత్నం స్వయంగా తెచ్చి ఇచ్చాడు. విల్సన్ బాబుగారికి ఫారిన్‌లో పుట్టబోయే బిడ్డకటగా అమ్మగారూ, మొదటి గుడ్డ మాదే కావాలి అన్నాడు.

బయటికి పోనివ్వకండి అన్న మాట పెడన దాకా పోయింది. అప్పుడే మనసు కొంచెం తొణికింది. కాని చొక్కాలు కుట్టడం అయిపోయింది.

పోస్టాఫీసులో పార్సిల్ మీద అంటించే కాగితం రూతు నింపింది. లోపల ఏముందో రాయాలి. చంటిబిడ్డ బట్టలు అని పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసింది. ఓడలో వెళ్ళడానికి రెండు నెలలు పడుతుందన్నారు.

మార్చి 21, బుధవారం

మూడు వారాలుగా ఉత్తరం లేదు. తిరుగుళ్ళు ఎక్కువై రాయడానికి తీరిక లేదేమో అంది రూతు. నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను.

మార్చి 29, గురువారం

లేదు.

ఏప్రిల్ 2, సోమవారం

విల్సన్ ఉత్తరం. రెండు వైపులా వాడే రాశాడు. అంత రాసి ఉండటం చూడగానే తెలిసిపోయింది.

మార్చి తొమ్మిదిన పోయింది. మేము ఇక్కడ చొక్కాలు మడతపెట్టి మూట కట్టిన రోజుకు ముందు రోజు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉందట. ఇంటికి వచ్చేసరికి బల్ల మీద బందరు నుంచి ఏడు ఉత్తరాలు. ఎవరు చెప్పారక్కయ్యా వీళ్ళకి అని అడిగాడు. కోపంగా అడగలేదు. వాడికి చిన్నప్పటి నుంచీ కోపం రాదు.

ఆ తర్వాత ఇంకా వస్తున్నాయట. ఇంటావిడ కింద దాచి వాడికి ఇస్తోందట.

సుభాషిణి గుడిలో కూర్చోలేకపోతోందట. కీర్తన మొదలవగానే లేచి బయటికి వచ్చేస్తోంది. అందుకని ఆదివారాలు రైలెక్కి బ్రే అనే సముద్రపు ఊరికి తీసుకెళ్తున్నాడు. ఒడ్డున ఒక చివర నుంచి ఇంకో చివరకి నడుస్తారు, మాట్లాడుకోరు. నాన్న ఉంటే ఆదివారం ప్రయాణం ఒప్పుకునేవారు కాదు, నువ్వేమంటావో రాయి అక్కయ్యా అన్నాడు.

ఆదివారం మా ఇంట్లో పొయ్యి కూడా వెలగదు. శనివారం వండిందే తింటాం. నాకు యాభై నాలుగేళ్ళు. నేను ఇంతవరకు ఆదివారం బస్సెక్కలేదు.

ఏప్రిల్ 3, మంగళవారం

జవాబు రాశాను. చెప్పింది నేనే. ఇంకెవరినీ అనుకోవద్దు. ఒక పార్సిల్ ఓడలో ఉంది, పైన లేబుల్ ఉంది, అది ఆమె కంట పడనివ్వకు, పోస్టాఫీసులో చెప్పి ఉంచు. ఆదివారం వెళ్ళండి. ప్రతి ఆదివారం వెళ్ళండి.

నాలుగు సంగతులే. సాయంత్రం దాకా పట్టింది.

ఏప్రిల్ 4, బుధవారం

ఉత్తరాలు ఆపించాలి. ఆపించాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే మళ్ళీ అదే తప్పు.

కూడిక అయ్యాక లేచి, సుభాషిణికి ఇక ఎవరూ ఉత్తరాలు రాయవద్దు, ఎందుకని నన్ను అడగవద్దు అన్నాను. ఎవరూ అడగలేదు. అక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మందికి ఇలాంటివి తెలుసు. లీలావతిగారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

రూతు గేటు దాకా నా వెనకే వచ్చింది. అక్కగారూ, నేను రెండు రాశాను అంది. రెండోదానిలో ఏ పేరు పెట్టాలో కూడా రాశానండీ, మగపిల్లాడికి మూడు, ఆడపిల్లకి మూడు అంది. మేమేం పాపం చేశామండీ, మంచికే కదా రాశాం అంది. పాపం మీది కాదు రూతూ అన్నాను. రోడ్డు మీదే ఏడ్చింది. జట్కావాడు బండి ఆపి చూశాడు.

ఏప్రిల్ 7, శనివారం

అవనిగడ్డ వెళ్ళాను. చల్లపల్లిలో బస్సు మారి, మధ్యాహ్నానికి చేరాను. సుభాషిణి తల్లి ప్రభావతిగారికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. సుభాషిణి చెప్పవద్దంది మొదటి సంగతి, కడుపుతో ఉన్న సంగతి. రెండోది, పోయిన సంగతి కూడా చెప్పకపోవడం న్యాయం కాదనుకున్నాను.

ఆమె చేటలో మినుములు చెరుగుతోంది. నన్ను చూసి నవ్వింది. నా కూతురు నాకు చెప్పలేదు వదినగారూ, చల్లపల్లి బస్సులో ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ నీళ్ళోసుకుందటగా మీ అమ్మాయి అని చెప్పింది అంది. సరేలే, భయపడి దాచుకుని ఉంటుంది, నేనూ తెలియనట్టే ఉన్నాను, కారప్పొడి కొట్టి పెట్టాను, ఎలా పంపాలో మీరే చెప్పాలి అంది.

అప్పుడు చెప్పాను.

ఆమె చెరగడం ఆపలేదు. కొంతసేపయ్యాక మినుములన్నీ ఒక పక్కకి చేర్చి, అన్నం తిన్నారా వదినగారూ అని అడిగింది. తినలేదన్నాను. వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఆ మొదటి మాట బస్సులోకి ఎలా వచ్చిందని అడగలేదు. నేనే చెప్పాను, నా నోటి నుంచే వచ్చిందని. ఇంకాస్త మజ్జిగ పోయనా అంది.

ఏప్రిల్ 22, ఈస్టరు

తెల్లవారుజామున ఆరాధన. సుభాషిణి నుంచి ఒక్క ముక్క లేదు. విల్సన్ కార్డు మాత్రం.

మే 9, బుధవారం

పోస్ట్‌మాన్ పాండురంగయ్య మన గేటు దగ్గర సైకిలు దిగకుండానే చెయ్యి ఊపి వెళ్తున్నాడు. లేదని చెప్పడానికి మొహమాటం. ఓడ ఈపాటికి చేరి ఉండాలి.

మే 21, సోమవారం

సుభాషిణి ఉత్తరం. ఆమె మాటలే ఎత్తి రాసుకుంటున్నాను.

వదినగారూ, పన్నెండో తేదీ శనివారం పార్సిల్ వచ్చింది. ఆయన డ్యూటీలో ఉన్నారు. పోస్టాఫీసులో ఆపమని చెప్పారట, వాళ్ళు మరిచిపోయారో ఏమో. ఇంటావిడ సంతకం పెట్టి పైకి తెస్తూ లేబుల్ చదివి మెట్ల మీదే నిలబడిపోయింది. నేనే వెళ్ళి ఆమె చేతిలోంచి తీసుకున్నాను. ఓడలో చెమ్మ తగిలి బట్టలు బూజు వాసన వేస్తున్నాయి. అలా ఉంచలేక ఉతికాను. బయట వాన. పొయ్యి ముందు తాడు కట్టి పదకొండూ ఆరేశాను. సాయంత్రం ఆయన వచ్చి చూసి, కోటు తీయకుండానే కూర్చుండిపోయారు. మార్చి నుంచి ఆయన ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఆ రోజు ఇద్దరం ఏడ్చాం. ఇంటావిడ తలుపు బయట టీ పెట్టి తట్టి వెళ్ళిపోయింది. మర్నాడు బ్రే వెళ్ళాం. మొదటిసారి దారంతా మాట్లాడుకున్నాం.

ఈ ఒక్క మాట రాయకపోతే ఉత్తరమంతా అబద్ధమవుతుంది. నేను ప్రార్థన చేయమన్నాను, ప్రకటన చేయమనలేదు. ఆ ఏడు ఉత్తరాలూ చదివాను. ఒక్కటి కూడా మీ మీద కోపం లేకుండా చదవలేకపోయాను. ఇంకా పూర్తిగా పోలేదు. పోయాక రాద్దామనుకున్నాను, అంతదాకా ఆగలేకపోయాను.

ఆమె ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పు నాదని ప్రభువుకు చెప్పి చాలా రోజులైంది. ఆయనకు చెప్పడం తేలిక. ఎయిర్ లెటర్ తెచ్చి, తప్పు నాదే అమ్మా, క్షమించు అని రాశాను. మిగతా కాగితం ఖాళీగానే పంపాను.

మే 23, బుధవారం

ఉత్తరం వచ్చిందని పాండురంగయ్య వీధంతా చెప్పినట్టున్నాడు. కూడికకి ఇరవై ఇద్దరు వచ్చారు. ఐర్లాండు చూసి ఎన్నాళ్ళయిందో, టిక్కెట్టు లేకుండా తిప్పేవారు మమ్మల్ని, ఇవాళైనా తీసుకెళ్ళండి అన్నారు లీలావతిగారు. చదవను అన్నాను. అయితే ఈ వయసులో మడత కుర్చీలో కూర్చోబెట్టి పస్తు పంపుతారన్నమాట అన్నారు.

రూతు లేచి, కీర్తన పాడదాం రండి అంది. ఆమె గొంతు అంత బాగుండదు. ఇవాళ బాగుంది.

జూన్ 25, సోమవారం

విల్సన్ పరీక్ష పాసయ్యాడు. ఇంకో ఏడాది అక్కడే పని. కింద సుభాషిణి ఒక్క లైను: వదినగారూ, ఎండలు తగ్గాయా?

తగ్గాయి.

జులై 18, బుధవారం

సుభాషిణి ఉత్తరం మధ్యలో అడ్డంగా ఒక గీత గీసి ఉంది. గీతకు పైన అందరికీ, కింద మీకు అని రాసింది.

పైనున్నది చదివాను. గ్లెండలోక్ అనే చోటికి వెళ్ళారట. రెండు కొండల మధ్య చెరువు, నీళ్ళు నల్లగా. పక్కన వెయ్యేళ్ళ నాటి రాతి గుడి, పైకప్పు లేదు. లోపల గడ్డి, గొర్రెలు. నిమ్మకాయ పులిహోర పట్టుకెళ్ళి గోడ మీద కూర్చుని తిన్నారట. కప్పు లేకపోయినా చర్చే కదా, కూర్చోగలిగాను, కీర్తన కూడా పాడాను, ఆయన కంటే నేనే బాగా పాడాను అని రాసింది. కారప్పొడి అందింది, అమ్మకు చెప్పండి అని రాసింది.

లీలావతిగారు అడిగారు, కింద ఇంకా ఏదో ఉన్నట్టుందే అని. ఉంది అన్నాను. కాగితం మడిచాను.

సెప్టెంబరు 19, బుధవారం

పొద్దున సుభాషిణి ఉత్తరం వచ్చింది.

కూడికలో రూతు అడిగింది, అక్కగారూ మీకు ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని. లేవన్నాను.

ఇంటికి వచ్చి చాలాసేపు మోకాళ్ళ మీద ఉన్నాను. దేనికో ఈ పుస్తకంలో కూడా రాయను.